టిక్కుమన్నాక ఆపాలి

పాత ఇనప సామాన్ల ఆటో మా వీధిలోకి వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాను. చదవడం లేదు, ఊరికే చూస్తున్నాను. ఏడు నెలలుగా నాకు ఏ అక్షరమూ బుర్రకెక్కడం లేదు. మైకులో అరుపు వినపడగానే లోపలి నుంచి మా అమ్మాయి మంజుల ఒక ఎర్ర పెట్టె పట్టుకుని బయటికొచ్చింది.  అందులో ఉన్నది టార్క్ రెంచి, నట్లని లెక్క ప్రకారం బిగించే పానా.

"ఏందమ్మా అది?" అన్నాను తెలియనట్టు.

"ఇనప సామానుకి వేసేస్తన్నా నాన్నా. సోమవారం ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేస్తా. ఒక్క చక్రం సరిగ్గా బిగించలేనిదాన్ని, పిల్లోళ్ళకి ఏం నేర్పిస్తా?"

మంజుల నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఐటీఐలో మెకానిక్ ట్రేడు చెబుతుంది. మాది నకరికల్లు. నేను ముప్పై ఏళ్ళు క్వారీ లారీ తోలినవాణ్ణి. నా కూతురు పానా పట్టుకుని బతుకుతుందంటే మొదట్లో నవ్వాను, తర్వాత అదే మాట ఊరంతా చెప్పుకుని తిరిగాను. దాని మొగుడు బాబూరావు నా చెల్లెలి కొడుకే. నా లారీ కేబిన్లో నిద్రపోతూ పెరిగినవాడు. ఇద్దరూ మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఒక చిన్న పాత కారు కొనుక్కున్నారు. దాని చక్రాలూ బ్రేకులూ అన్నీ మంజులే ఇంటి దగ్గర చూసుకునేది.

ఏడు నెలల కిందట ఒక ఆదివారం ముందు చక్రాలు రెండూ విప్పి బ్రేకు ప్యాడ్లు మార్చింది. చక్రాలు మళ్ళీ ఎక్కించి ఈ రెంచి తీసింది. పిడి తిప్పి అంకె పెట్టి, చక్రానికున్న నాలుగు నట్లూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి చూసుకుంటూ బిగించింది. కావలసినంత బిగువు రాగానే రెంచి టిక్కుమంటుంది. అంతే, చెయ్యి తీసేసింది.

"అయిపోయిందా? దోసకాయ తరిగినంత సేపు పట్టలా. నీ చేతిలో బలమేదే?" అని ఎగతాళి చేశాను.

"బలం కాదు నాన్నా, లెక్క. కారు పుస్తకంలో నూట పది అని ఉంది, నూట పదే పెట్టా. టిక్కుమన్నాక ఆపాలి. ఇంకా లాగితే బోల్టు సాగుద్ది. సాగింది పైకి బానే కనపడుద్ది, దోవలో తెగుద్ది."

విన్నాను. ఈ చెవులతోనే విన్నాను.

మా క్వారీ లారీల్లో ఒక ఆచారం ఉండేది. చక్రం ఎంత పేరున్న మేస్త్రి బిగించినా సరే, ఆఖరి కాలు మాత్రం బండి తాలూకు మనిషిదే. పానాకి మూడడుగుల పైపు తొడిగి, దాని మీదెక్కి నిలబడి, ఒక్కో నట్టునీ తొక్కి, దణ్ణం పెట్టుకుని అప్పుడు బండి తియ్యాలి. తొక్కకుండా బయల్దేరితే మాకు మనసొప్పేది కాదు. ముప్పై ఏళ్ళు అలాగే తొక్కాను. నా లారీ చక్రం ఒక్కటీ ఊడలేదు.

మంజుల స్నానానికి వెళ్ళింది. మర్నాడు బాబూరావు మాచర్ల వెళ్ళాలి. నా కాలు పడకుండా ఆ బండిని ఎలా పంపను? దొడ్లోంచి పైపు తెచ్చి ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టాను. బాబూరావు చూసి నవ్వాడు.

"కానీ మావా, నీ కాలు పడితే నాకూ ధైర్యం. మంజులకి మాత్రం చెప్పబాక, కోప్పడుద్ది."

మొదటి నట్టు మొండికేసింది. ఒంటి బరువంతా వేసి ఊగాను. కదిలింది. ఆ తర్వాత వెన్నలో దిగినట్టు మెత్తగా తిరిగింది. ఇంకా బిగుస్తోందని మురిసిపోయాను, వెధవని. అలాగే నాలుగూ తొక్కాను. కుడి చక్రం దగ్గరికి వెళ్ళేలోపు మా ఆవిడ లింగమ్మ అన్నానికి పిలిచింది. పైపు దొడ్లో పడేసి వెళ్ళాను, కుడి చక్రం సంగతి మర్చిపోయాను.

మర్నాడు గురజాల దాటాక ఎడమ చక్రం ఊడిపోయింది. కారు బోల్తా కొట్టింది. ఆసుపత్రికి తెచ్చేసరికే బాబూరావు పోయాడు.

మూడో రోజు ఇన్సూరెన్సు ఆయన ఇంటికొచ్చి తెగిన బోల్టులు చేతిలోకి తీసుకుని చూశాడు. "అతిగా బిగించారు, సాగి తెగాయి. ఎవరు బిగించింది?" అన్నాడు. "నేనే," అంది మంజుల. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. ఎదురుగా మా చెల్లెలు నేల మీద పడి ఏడుస్తోంది. నోరు మూసుకున్నాను. పెద్దకర్మ అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత, నెల మాసికం అయ్యాక అనుకున్నాను. పిరికివాడికి సాకులకేం కొదవ.

ఆడపిల్ల బిగించిన చక్రమని ఊళ్ళో అన్నారు. మా చెల్లెలు మంజుల మొహం చూడ్డం మానేసింది. మంజుల మాత్రం నన్నే అడిగేది. అన్నం ముందు కూర్చుని అడిగేది, బట్టలారేస్తూ అడిగేది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా నాన్నా. నేను నూట పది అనుకుని ఇంకేదన్నా పెట్టానా? అంకె చూశావా?"

"నేను చూళ్ళేదమ్మా," అనేవాణ్ణి.

ఇప్పుడు ఆటో అతను పెట్టె అందుకుని కాటా మీద పెట్టబోతున్నాడు. ఆ పెట్టె పోతే నా కూతురి తప్పు ఖాయమైపోతుంది. దాని చదువూ ఉద్యోగమూ దానితోపాటే పోతాయి. పేపరు పడేసి లేచాను.

"ఇదిగో, అది ఇవ్వంలే. పోవయ్యా," అని పెట్టె లాక్కున్నాను. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

"ఏంది నాన్నా ఇది?"

"నువ్వు నూట పదే పెట్టావమ్మా. నేను చూశా. నువ్వు సరిగ్గానే బిగించావు. నువ్వు స్నానానికి పోయినప్పుడు పైపేసి తొక్కింది నేను."

మంజుల ఏడవలేదు. అరుగు అంచున కూర్చుంది.

"రెండు చక్రాలా?"

"ఎడమదే. మీ అమ్మ అన్నానికి పిలిచింది."

"నాలుగు నట్లూ?"

"నాలుగూ."

"బావకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు, కోప్పడతావని."

అప్పుడు ఏడ్చింది. పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని నా వంక చూసింది.

"తెలీక తొక్కావు నాన్నా. బావ మీద ప్రేమకే తొక్కావు. దానికి నిన్నేమీ అనను. ఏడు నెలలు నేను అడుగుతా ఉంటే చూళ్ళేదన్నావే, అది కూడా తెలీకేనా?"

పెట్టె దాని పక్కన పెట్టాను. 

ఆ సాయంత్రమే మా చెల్లెలి ఇంటికి పోయి చెప్పాను. నా మొహం మీదే తలుపేసుకుంది. తెల్లారి మంజుల దగ్గరికి వచ్చి, దాన్ని కావలించుకుని ఏడ్చింది. నేను దొడ్లో నిలబడ్డాను.

సోమవారం మంజుల రాజీనామా ఇవ్వలేదు. ఎర్ర పెట్టె సంచిలో పెట్టుకుని నరసరావుపేట బస్సుకు బయల్దేరింది. అంతకుముందు రోజూ గడప దాటుతూ, "నాన్నా, పోయొస్తా," అని కేకేసేది. ఇప్పుడు లోపలికి తిరిగి, "అమ్మా, పోయొస్తా," అంటుంది. నా ముందు నుంచే నడిచి వెళ్తుంది. బస్సు కదిలిన చప్పుడు విన్నాక, "పోయిరా తల్లీ," అని నేనూ అంటాను.