డొల్లలో చిటికెడు మందు

నిరుడు పోటీలో తుపాకీ పగిలి హార్లన్ కుడిచేతి మూడు వేళ్ళు పోయింది పాత ఇనుము వల్ల కాదు. మీ వల్ల. కమిటీలో కూర్చుని "తుపాకీ ఉక్కులో లోపం" అన్న కాగితం మీద సంతకాలు గిలికిన మీ ఐదుగురి వల్ల. ఆ కాగితం టైపు చేసింది డాగ్నీ రూడ్. ఆమెనూ కలిపితే ఆరుగురు.

ఏడాదిపాటు డాగ్నీ ఆ సంగతి మింగేసి తిరిగింది. జూన్ నెల శనివారం పొద్దున, మోంటానా గడ్డి కొండల మధ్య వెయ్యి గజాల పోటీ జరుగుతుండగా, అది గొంతుకి అడ్డం పడింది.

తమ్ముడు ఆర్విడ్ చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో ముత్తాత నాటి ఒంటి తూటా తుపాకీ. పక్కన దుర్బీను పెట్టుకుని గాలి ఎటు వీస్తోందో చెబుతున్నాడు లెస్టర్ క్వేడ్. కమిటీ పెద్ద, నాలుగుసార్లు ఛాంపియన్. డాగ్నీ తాడుకి ఇవతల సబ్బునీళ్ళ జాడీతో కూర్చుంది. పేలిన ప్రతి తూటా ఇత్తడి డొల్లనూ ఆర్విడ్ వెనక్కి విసురుతాడు, ఆమె నీళ్ళలో వేస్తుంది. వెయ్యకపోతే నల్ల తుపాకీమందు మసి ఇత్తడిని తినేస్తుంది.

తూటాల మోతాదు ఆమెదే. మూడు చలికాలాలు పట్టింది కుదరడానికి. మందు తూచాలి. మూరెడు సన్నగొట్టంలోంచి గింజలు సర్దుకునేలా నెమ్మదిగా జారవిడవాలి. పైన అట్టముక్క పెట్టి అదమాలి. గుండు దాని మీదే కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. తూకంలో పిసరు తేడా వచ్చినా అంత దూరంలో గుండు జానెడు పైకో కిందికో పోతుంది.

మంగళవారం సీసం కరిగిస్తుంటే ఆమె నుదుటి చెమట చుక్క కుండలో పడింది. సీసం చిమ్మి మణికట్టు కాలింది. అందుకే ముప్పై తూటాల్లో చివరి ఇరవై లెస్టర్ తన షెడ్డులో నింపి ఇచ్చాడు. "నీ మోతాదే పిల్లా, పిసరు మార్చను," అన్నాడు. ఆమె నమ్మింది.

మొదటి పదీ ఆమె నింపినవి. తెల్లటి దట్టమైన పొగ, కుళ్ళిన గుడ్ల కంపు, ఎప్పటిలాగే. పదకొండోది లెస్టర్‌ది. పొగ పల్చగా వచ్చింది. డాగ్నీ డొల్లలో వేలు పెట్టి చూసింది. తడి మసి లేదు. పొడిగా, బూడిద రంగులో ఉంది.

"ఏంటే డాగ్నీ," వెనక మడతకుర్చీలోంచి హార్లన్ నవ్వాడు, ఎడంచేత్తో కాఫీ కప్పు పట్టుకుని. "పొద్దున్నుంచీ కంపు కొట్టించి నా కాఫీ పాడు చేశావ్. ఇప్పుడు అత్తరేమైనా పోశావా?"

ఆమె వేలి మీది బూడిదని వెలుగులో పెట్టి చూసింది. నిరుడు వేళ్ళు పోయిన రోజు హార్లన్ డొల్లలు కడిగిందీ ఆమే. ఇదే బూడిద. అప్పుడు లెస్టర్ అన్నాడు: "నోరు మూసుకో పిల్లా, రేంజి మూయించేస్తారు." మూసుకుంది.

పన్నెండోది పేలింది. ఆర్విడ్ లీవర్‌ని అరచేత్తో చరిస్తే గాని డొల్ల ఊడలేదు.

"ఇవాళ బిగుసుకుంటోందేంటి?"

"దుమ్ములే. కానీయ్ బాబూ, గాలి మనవైపుంది," అన్నాడు లెస్టర్.

డొల్ల అడుగున మందుని రాజేసే క్యాప్ అప్పడంలా అణిగిపోయి ఉంది, లోపల ఒత్తిడి మరీ ఎక్కువైనట్టు. నల్ల తుపాకీమందు కింద చిటికెడు పొగలేని మందు వేస్తే తుపాకీ గొట్టం మసి పట్టదు, గుండు గురి తప్పదు. నిబంధనల్లో అది నిషేధం. ఎందుకంటే ఆ చిటికెడు ఒక్కసారి రెండు చిటికెలైతే పాత ఉక్కు తట్టుకోదు. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అందులో ఏది? ఆర్విడ్ పదమూడోది పెట్టేశాడు. అతని చెంప తుపాకీ మడమకి ఆనింది. కన్నుకీ మందుకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

అరిస్తే ఉలిక్కిపడి వేలు నొక్కేస్తాడేమో. అరవకపోతే? డాగ్నీ జాడీ తన్నుకుని లేచింది.

"కాల్పులు ఆపండి!"

ఆ మాట ఎవరన్నా లైనంతా ఆగాలి. ఆర్విడ్ వేలు వెనక్కి తీశాడు. ఎర్రజెండా లేచింది.

"ఎండదెబ్బ తగిలిందా పిల్లా?" లెస్టర్ నవ్వాడు. "తమ్ముడు గెలుస్తుంటే చూడలేకపోతున్నావా?"

"ఆర్విడ్, అది బయటికి తియ్యి. మెల్లగా."

"అక్కా, పాయింట్లు పోతాయే!"

"మొహం పోతుందిరా! తియ్యి!"

తీశాడు. ఆమె గుండు తిప్పి లాగింది, తలపిన్నుతో అట్టముక్క పెరికింది, కాగితం ప్లేటులోకి వంచి కెలికింది. నల్లటి గింజలు రాలాయి. అడుగున ఆకుపచ్చ పెళుసు రేకులు. చిటికెడు కాదు, నిండు చెంచాడు.

"తూచావా?" అంది.

"చేతి అంచనా," లెస్టర్ గొంతు తగ్గింది. "నలభై ఏళ్ళ చెయ్యి ఇది. నాలుగు కప్పులూ ఇట్టాగే కొట్టా."

హార్లన్ కాఫీ కింద పెట్టి దగ్గరికొచ్చాడు. మిగిలిన రెండు వేళ్ళతో ఆకుపచ్చ రేకులు కెలికాడు.

"నా తూటాలూ నువ్వే నింపావుగా లెస్టర్," అన్నాడు. "తుపాకీని సరిగ్గా చూసుకోలేదని నన్ను నేనే తిట్టుకుంటున్నానయ్యా, ఏడాదిగా."

డాగ్నీకి భయం తగ్గలేదు. లైన్లో ఇంకా పదకొండు తుపాకీలున్నాయి, లెస్టర్ ఎవరెవరికి సాయం చేశాడో ఎవరికీ తెలీదు. ప్లేటు పైకెత్తి, గొంతు చీలిపోయేలా అరిచింది:

"కమిటీ ఐదుగురూ ఇక్కడికి రండి! ప్రతి పెట్టే తెరవండి, లెస్టర్ చెయ్యి పడిన ప్రతి తూటా అందరి ముందూ విప్పండి. ఆ పాత కాగితం తెచ్చి మైకులో చదవండి, అబద్ధమని చెప్పండి. నా పేరు నేనే ముందు చెబుతా. అంతదాకా ఇక్కడ ఒక్క తుపాకీ పేలడానికి వీల్లేదు!"