ఆశమ్మ కుడి చెయ్యి

అశోక్‌నగర్ హాస్టల్లో సంధ్య లేవగానే చేసే మొదటి పని దుప్పటి మడవడం. మూలకు మూల కలవకపోతే విప్పి మళ్లీ మడిచేది. తర్వాత స్నానాల గది ముందు బకెట్ల వరసలో నిలబడడం, తర్వాత గేటు పక్కన హనుమప్ప బండి దగ్గర టీ, ఆ తర్వాత సంచి భుజాన వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి నడక. అక్కడ చెట్టు కింద కూర్చుని నోట్సు రాసేది. రాసింది నచ్చక ఫెయిర్ చేసేది. ఫెయిర్ చేసిందీ నచ్చక ఇంకో ఫెయిర్ మొదలుపెట్టేది. అలా పంచాయతీరాజ్ ఒక్కటే సంచి నిండా అయింది, ఎకానమీ మాత్రం ఇంకా మొదలే కాలేదు.

కిందటేడు రాసిన సర్కారు ఉద్యోగం పరీక్ష పోయింది కూడా ఈ గుణంతోనే. జవాబులు తెలియక కాదు. ఓఎంఆర్ షీటులో జవాబు కోసం నింపే ప్రతి సున్నా గీత దాటకుండా, నిండుగా, గుండ్రంగా ఉండాలని పట్టుపట్టి కూర్చుంది. గంట కొట్టేసరికి నింపిన సున్నాలన్నీ ముద్దొచ్చేలా ఉన్నాయి, చివరి వరసలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. జనగామ దగ్గర ఊళ్లో ఉన్న నాన్నకు ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక, పేపరు కష్టంగా వచ్చిందని ఫోన్లో చెప్పి ఊరుకుంది. ఆ అబద్ధం ఆమెకు చాలా రోజులు అన్నంలో రాయిలా తగిలింది.

2012 ఎండాకాలంలో, అదే గదిలో ఉండే స్వరూప కోఠికి పోయి పాత పుస్తకాలతోపాటు ఒక స్కెచ్‌బుక్కు కూడా కొనుక్కొచ్చి సంధ్య మంచం మీద పడేసింది.

"సదివీ సదివీ పరేషాన్ అయితున్నవ్. ఇండ్ల రోజుకొక బొమ్మ గీసుకో. ఎట్లొస్తే గట్ల," అంది.

ఎట్లొస్తే గట్ల అనేదే సంధ్యకు చేతకాని పని. మొదటి పేజీలో హనుమప్ప టీ కెటిల్ గీసింది. కెటిల్ బాగానే వచ్చింది గానీ, ముక్కు వంపు కుదరలేదు. రబ్బరు తీసి ముక్కు తుడిచేసింది. మర్నాడు పొద్దున టీకి పోతే, హనుమప్ప కెటిల్‌కు ముక్కు లేదు. ఆయన మూత తీసి గరిటెతో టీ పోస్తున్నాడు.

"తుడిచినవా అమ్మా?" అన్నాడు.

"వంపు కుదురలేదన్నా."

"మంచిగ గియ్యి, ఏం తొందర లేదు. గరిటె ఉన్నది గద."

టీ కోసం నిలబడ్డవాళ్లు గ్లాసులు ముందుకు చాపారు. ఒకాయన పేపరు తిరగేశాడు. ఇంతకంటే ఎవరూ ఏమీ అనలేదు. హాస్టల్ పిల్ల తుడిస్తే పోతుంది, మళ్లీ గీస్తే గీసినట్టే వస్తుంది, అంతే. సంధ్య అదే పేజీ మూలన గీసిన లైబ్రరీ చెట్టు కొమ్మ ఒకటి తుడిచినప్పుడు, దాని కింద చదువుకునే కుర్రాళ్లు చాపలు నీడలోకి జరుపుకుని మళ్లీ చదువులో పడ్డారు. కెటిల్ ముక్కు మాత్రం వస్తూ పోతూ ఉంది. వచ్చిన రోజు వంపు నచ్చేది కాదు, సాయంత్రానికి మళ్లీ పోయేది. నెల గడిచినా స్కెచ్‌బుక్కు మొదటి పేజీ దాటలేదు. ఆ పేజీ తుడిచి తుడిచి పల్చబడింది.

హాస్టల్‌కు ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ లేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన ఆశమ్మ అక్కడ తట్టలు మోసేది, అక్కడే రేకుల షెడ్డులో ఉండేది. మధ్యాహ్నం సద్దిమూట విప్పుకుని హాస్టల్ గోడ నీడకు వచ్చి కూర్చునేది. ఒకరోజు సంధ్య చేతిలో పెన్సిలు చూసి అడిగింది.

"నన్ను గూడ గియ్యరాదు బిడ్డా. నా బొమ్మ ఎవ్వరు గియ్యలే ఇంతవరకు."

సంధ్యకు భయమేసింది. అయినా అడిగిన తీరుకు కాదనలేకపోయింది. రెండో పేజీ తీసి, తట్ట నెత్తిన పెట్టుకున్న ఆశమ్మను గీసింది. ముఖం వచ్చింది, కొంగు వచ్చింది, ఎత్తి తట్టను పట్టుకున్న కుడి చెయ్యి మాత్రం ములక్కాడల కట్టలా వచ్చింది. తుడవొద్దు తుడవొద్దు అనుకుంటూనే తుడిచేసింది. ఆశమ్మ మణికట్టు దగ్గర ఆగిపోయిన చేతిని చూసుకుని, కొంగు చుట్టుకుంది.

"ఎడమ చేత్తోని మోస్త తియ్యి. నువ్వు నిదానంగ గియ్యి," అంది.

సంధ్య ఆ రోజే మళ్లీ గీసింది. వేళ్లు పొట్టిగా వచ్చాయి. తుడిచింది. మర్నాడు గీసింది, ముంజేయి సన్నంగా వచ్చింది, దాన్ని కూడా తుడిచింది. వారం తిరిగేసరికి ఆశమ్మకు మోచేతి దాకా చెయ్యి లేదు. సంధ్యకు అన్నం సయించలేదు. ఎకానమీ సంగతి సరే, నిద్రే పట్టలేదు.

అప్పుడొచ్చింది స్లాబు. స్లాబు వేసే రోజు మనుషులంతా కిందినుంచి పైదాకా నిచ్చెన మీద వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతినుంచి చేతికి అందిస్తారు. మొదలైతే మధ్యలో ఆగడానికి లేదు. ముందురోజు సాయంత్రం మేస్త్రీ కుమారస్వామి ఆశమ్మను పిలిచాడు. మంచివాడే గానీ, ఆయనకూ పైన కాంట్రాక్టరు ఉన్నాడు.

"రేపు రెండు చేతులుంటెనే లైన్ల నిలబడాలె. లేకుంటే వేరేటోళ్లను పెట్టుకుంట. షెడ్డు గూడ వాళ్లకే ఇయ్యాలె. ఏమనుకోకు."

తెల్లారేసరికి కాంక్రీటు కలిపే మిల్లరు మిషన్ గర్రుమంటోంది. ఆశమ్మ హాస్టల్ గేటు దగ్గరకొచ్చి నిలబడింది. మెట్ల మీద కూర్చున్న సంధ్య ఒళ్లో పుస్తకం, ఒక చేతిలో పెన్సిలు, ఇంకో చేతిలో అరిగిపోయిన రబ్బరు. అప్పటికే గీసి, తుడిచి, పొడి ఊదేసింది. పెన్సిలు చేతిలో ఉన్నంతసేపూ తను తుడుస్తూనే ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. పెన్సిలు పక్కన పెట్టి, సంచిలోంచి పరీక్ష కోసం దాచుకున్న నల్ల బాల్‌పెన్ను తీసింది. ఓఎంఆర్ షీటు మీద వాడే పెన్ను. ఒకసారి పడితే పడిందే.

గీసింది. మోచెయ్యి, ముంజేయి ఎలాగో వచ్చాయి. అరచెయ్యి దగ్గర గీత చెదిరి, చెయ్యి ఉండాల్సినదానికంటే చాలా పెద్దదైపోయింది. చిటికెన వేలు ఉంగరం వేలంత వచ్చింది. అలవాటుకొద్దీ రబ్బరు తీసుకుని రుద్దింది. కాస్త మసకైంది తప్ప గీత కదల్లేదు.

గేటు దగ్గర ఆశమ్మ కొత్త చెయ్యి పైకెత్తి చూసుకుంది. అప్పడాల పీటంత ఉంది.

"తప్పయింది అక్కా. పెద్దగైంది," అంది సంధ్య.

ఆశమ్మ ఆ చేత్తో గేటు ఊచ పట్టుకుని గుంజింది. గేటు గడగడలాడింది.

"పట్టు ఉన్నది బిడ్డా," అని, పరుగున పోయి లైన్లో నిలబడింది.

సంధ్య సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చుని చూసింది. ఆ చేతిలోకి పోయిన తట్ట ఒక్కటీ జారలేదు. చీకటి పడకముందే వెళ్లి, అదే పెన్నుతో కెటిల్ ముక్కు కూడా గీసేసింది. అది ఎడమకు తిరిగి వచ్చింది. హనుమప్ప గ్లాసులు ఎడమవైపు పేర్చుకోవడం మొదలుపెట్టాడు. మర్నాడు మూడో పేజీలో హాస్టల్ మెట్లు, ఆ తర్వాత నారాయణగూడ చౌరస్తాలో పూలమ్మే సత్తవ్వ, ఆ తర్వాత నిద్రపోతున్న స్వరూప. ఒక్కటీ సరిగ్గా లేదు, అన్నీ ఉన్నాయి. పరీక్ష నాడు సున్నాలు గీత దాటి బయటికొచ్చినా పట్టించుకోకుండా నింపుకుంటూ పోయింది. గంట కొట్టేసరికి చివరి సున్నా కూడా నిండింది. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి, ముందుగా కిందటేడు సంగతి చెప్పింది.

మరుసటి వారం స్కెచ్‌బుక్కు పట్టుకుని ఎదుటి సైటుకు పోయింది. అప్పటికి ఆమెకు చేతులు గీయడం బాగా వచ్చేసింది. ఆశమ్మ రెండో అంతస్తులో గోడ ముందు నిలబడి ఉంది.

"అక్కా, ఇప్పుడు మంచిగొస్తది. పాతది కొట్టేసి, నీ చెయ్యి మల్ల గీస్తా, ఎట్లుండెనో అట్లనే," అంది సంధ్య.

ఆశమ్మ గబుక్కున కుడి చెయ్యి వీపు వెనక దాచుకుంది.

"ముట్టకు. ప్లాస్టరింగుకు మనిషి తక్కువైతే, ఈ చెయ్యి జూసి మేస్త్రీ తాపీ ఇచ్చిండు. ఇన్నేండ్ల నుంచి ఆడోళ్లకు తట్టనే ఇచ్చిండ్రు."

అప్పుడు చూసింది సంధ్య. ఆశమ్మ కాళ్ల దగ్గర తట్ట లేదు. సిమెంటు మాలు తెచ్చి పోస్తున్నది వేరేవాళ్లు. ఆశమ్మ వెనకనుంచి చెయ్యి తీసి, తాపీతో మాలు తీసి గోడకు విసిరి చదును చేసింది. ఒక్క ఊపుకు ఇద్దరు మనుషులు చేసేంత గోడ నున్నగా వచ్చింది. తర్వాత తాపీ కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, సంధ్య తల మీద పెట్టింది. అది ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వచ్చింది.

సంధ్య స్కెచ్‌బుక్కు మూసింది.