చివరి బండి వెనక

బసరా నగరం దగ్గరి మా హఫీరా ఊళ్ళో బద్రియా వాకిట్లో నీళ్ళు చల్లేముందు వీధి అటూ ఇటూ చూస్తుంది. పొద్దుటి రొట్టెలు కాల్చి, తందూరు నిప్పు మీద బూడిద కప్పి, ఇత్తడి గిన్నె నిండా నీళ్ళు ముంచుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఎవరైనా వీపు తిప్పి వెళ్తున్నారేమో చూసుకుంటుంది. ఎవరూ లేకపోతేనే చల్లుతుంది.

ఇరాక్ అంతటా ఆడవాళ్ళు దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లుతారు. ప్రయాణమైన వాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని వాళ్ళ వెనక కూడా నీళ్ళు పోస్తారు. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు, నీళ్ళని ఎవరూ తప్పు పట్టరు. బద్రియా సంగతి అలా కాదు. ఆమె ఎవరి వెనక నీళ్ళు పోస్తే వాళ్ళు తిరిగొచ్చి తీరతారు.

పక్కింటి ఉమ్ సబాహ్ అత్తగారి కథే తీసుకోండి. నెల్లాళ్ళు మకాం వేసి, కోడలి వంటలో లోపాలన్నీ ఏకరువు పెట్టడం పూర్తయ్యాక, ఆవిడ తన ఊరికి బయల్దేరింది. ఆ రోజు బద్రియా చూసుకోకుండా చల్లేసింది. మూడో రోజుకి ముసలమ్మ అదే పెట్టెతో దిగింది. మాత్రలు మర్చిపోయానంది. ఉమ్ సబాహ్ ఏడాది పాటు బద్రియాతో మాట్లాడలేదు. రొట్టెలు మాత్రం ఆమె దగ్గరే కొనేది. కోపం కోపమే, రొట్టె రొట్టే.

మళ్ళీ మొహం చూడకూడదనుకున్న మనిషి వెనక కుండ పగలగొట్టడం కూడా మాకు ఆచారమే. ఈ కథ నాటికి బద్రియా ఆ పని ఒక్కసారే చేసింది. పాత ప్రభుత్వం రోజుల్లో ఇళ్ళలోంచి కుర్రాళ్ళని లాక్కుపోయిన అధికారి ఒకడు బదిలీ అయి వెళ్తుంటే ఊరంతా ఆమెని బతిమాలింది. వాడు గొడుగు మర్చిపోయి, సగం దారిలో గుర్తొచ్చి, వెనక్కి తిరిగాడు. హఫీరా దారి పట్టిన ప్రతిసారీ బసరా చేరుకున్నాడు. విసిగిపోయి తన డ్రైవర్నే జైల్లో వేయించాడు. తర్వాతెప్పుడో బసరా బజారులో బద్రియాకి ఎదురుపడబోయి, ఉన్నట్టుండి పక్క సందులోకి తిరిగిపోయాడట. కుండ పగిలిన మనిషి ఊళ్ళోకి రాడు, ఆ పగలగొట్టిన చేతికీ ఎక్కడా ఎదురుపడడు. గొడుగు ఇప్పటికీ చాయ్ కొట్టు మేకుకి వేలాడుతోంది. వాన పడితే వాడదామని ఉంచారు. అంటే, వాడరు; మా వైపు వానే అరుదు.

ఆ ప్రభుత్వం కూలాక మా ఊరి చివర అమెరికా సైన్యం దండు దిగింది, వాళ్ళ బండ్లు పొద్దున్నే బద్రియా వాకిలి ముందు నుంచే పోయేవి. అలవాటుపడ్డ చేయి ఊరుకుంటుందా, వాటి వెనకా చల్లేసేది. ఒక సార్జెంటు గడువు అయిపోయి ఇంటికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు గుమ్మం దాకా వచ్చి, దండం పెట్టి, గిన్నె వంక భయంగా చూశాడు. ఆ రోజు నుంచి బద్రియా అటూ ఇటూ చూసి చల్లడం మొదలుపెట్టింది.

ఆ సార్జెంటు గోడు ఆమెకి తర్జుమా చేసి చెప్పినవాడు రాఫిద్. బద్రియా తమ్ముడు. పాలు మరవని వయసులో తల్లి పోతే ఎత్తుకుని పెంచింది అక్కే. ఇంగ్లీషు బాగా వంటబట్టి, సైన్యానికి దుభాషిగా చేరాడు. ఊరి మీద సోదాలకి వచ్చినప్పుడు ఈ మాట ఆ చెవిలో, ఆ మాట ఈ చెవిలో వేస్తూ, తలుపులు విరగ్గొట్టే చోట తలుపు తట్టేలా చేసి, ఎంతమందిని కాపాడాడో లెక్క లేదు. కాపాడిన లెక్క ఎవరికీ గుర్తుండదు. పక్కన నిలబడ్డ లెక్క అందరికీ గుర్తుంటుంది.

సైన్యం దిగిన తొమ్మిదో ఏట చలికాలం మొదట్లో కబురొచ్చింది. సైన్యం వెళ్ళిపోతోంది. ఊరికే కాదు, బాధ్యతతో వెళ్తుందట. ఆ మాట రేడియోలో వచ్చింది, గోడల మీద కాగితాల్లో వచ్చింది. చాయ్ కొట్టులో గ్లాసు జారి పగిలితే కూడా, "బాధ్యతతో పగిలింది లే," అనేవాళ్ళు.

బాధ్యత అంటే ఏమిటో బడి హాల్లో మీటింగు పెట్టి కల్నల్ వివరించాడు. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉండే మనిషి. చెడ్డవాడని ఎవరూ అనలేదు. జనరేటర్లు ఆసుపత్రికి ఇస్తారు. ఇసుక బస్తాలు విప్పి గుంటలు పూడుస్తారు. బండ్లని పళ్ళు తోమినట్టు తోముతారు, ఎందుకంటే మా మట్టి రేణువు కూడా వాళ్ళ దేశంలో అడుగు పెట్టకూడదు, అందులో పురుగులుంటాయి. రాఫిద్ అతని పక్కన నిలబడి అన్నీ మా భాషలోకి మార్చి చెప్పాడు.

ఊరి పెద్ద హాజీ జబ్బార్ లేచాడు. "అంతా బానే ఉంది. మా వైపు నుంచి ఒక్కటే. ఆఖర్న బద్రియా కుండ పగలగొట్టాలి."

రాఫిద్ మార్చి చెప్పాడు. కల్నల్ తల ఊపాడు. "మాకు అభ్యంతరం లేదు. నిజానికి మా వాళ్ళే అడగమన్నారు. ఆ ఉదయం ఆమె నీళ్ళు మాత్రం చల్లకుండా ఉంటే మంచిది."

హాలంతా నవ్వింది. రెండు పక్షాలూ ఒకే మాట మీద నిలబడటం తొమ్మిదేళ్ళలో అదే మొదలు.

వెనక వరసలో కూర్చున్న బద్రియా నవ్వలేదు. ఆ పొద్దున్నే తలుపు కొక్కేనికి ఎవరో రొట్టెల సంచీ తగిలించి పోయారు. రొట్టెలమ్మే ఇంటికి రొట్టెలెవరు పంపుతారని విప్పి చూస్తే, రొట్టె చీల్చి, మధ్యలో తుపాకి గుండు పెట్టి ఉంది. వంతెన దగ్గర తుపాకులతో కూచునే కుర్రాళ్ళ పని; సైన్యం పక్కన నిలబడ్డవాడు వాళ్ళ లెక్కలో ద్రోహి. సైన్యం ఉన్నన్నాళ్ళూ వాళ్ళు సిగరెట్లు కాలుస్తూ ఊరుకున్నారు. "వాళ్ళని పోనీ," అని మాత్రం అంటున్నారు.

మీటింగు అయ్యాక బద్రియా కల్నల్ ముందుకు వెళ్ళి, పక్కనున్న రాఫిద్‌తో అంది. "నా తమ్ముణ్ణి కూడా తీసుకుపొమ్మని చెప్పరా. ఇక్కడుంటే చంపేస్తారని చెప్పు."

రాఫిద్ కల్నల్ వైపు తిరిగి ఏదో చెప్పాడు. కల్నల్ చిరునవ్వు నవ్వాడు.

"ఏం చెప్పావురా?"

"మామిడికాయ పచ్చడి సీసా పంపిస్తావని."

"చావు కబురు చెబితే ఎవడైనా అలా నవ్వుతాడా? చెప్పింది చెప్పు."

రాఫిద్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. కల్నల్ మొహంలో నవ్వు ఆరిపోయింది. చాలాసేపు మాట్లాడాడు. రాఫిద్ తిరిగి చెప్పింది కొంచెమే.

"నా కాగితాలు వేరే ఆఫీసులో ఉన్నాయట అక్కా. ఈయన రెండుసార్లు రాశాడట. ఆ ఆఫీసు ఈయన మాట వినదట."

"జనరేటర్ల మాట విందిగా?"

"అది వేరే ఆఫీసు."

బద్రియా హాజీ జబ్బార్ వైపు తిరిగింది. హాజీ జపమాల గబగబా తిప్పాడు. "నేను చూసుకుంటా కదమ్మా. వాళ్ళు వెళ్ళాక బాధ్యత మనదే." ఆ మాట వినగానే ఆమెకి ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

పైగా ఇంకో చిక్కు. సరిహద్దు దాకా దారి పొడుగునా పల్లెలు. వాటితో మాట్లాడటానికి దుభాషి కావాలి. రాఫిద్ కాన్వాయితో కువైట్ గేటు దాకా వెళ్ళాలి, అక్కడ దిగిపోయి టాక్సీలో ఇంటికి రావాలి. కాన్వాయి వెనక కుండ పగిలితే అందులో ఉన్న రాఫిద్ కూడా ఇక రాడు.

దానికి రాఫిద్ దగ్గర ఉపాయం ఉంది. ఉపాయం లేని రోజు వాడికి లేదు. ఆ సాయంత్రం గోడకి చేరబడి చాయ్ తాగుతూ చెప్పాడు.

"నన్ను చివరి బండిలో కూచోబెట్టమన్నాను. కల్నల్ వెంటనే ఒప్పేసుకున్నాడు, పాపం, చేయగలిగింది ఒకటి దొరికిందని ఎంత సంబరపడ్డాడో. నువ్వు చివరి బండికి ముందు బండి వెనక కుండ పగలగొట్టు. ఊరికి కావలసింది అయిపోతుంది. తర్వాత నా బండి వెనక నీళ్ళు పొయ్యి. రాత్రికి దోల్మా వండు, బియ్యం కూరిన ఉల్లిపాయలు ఎక్కువ పెట్టు. చూశావా, నాదీ బాధ్యతగల ప్రణాళికే."

"నీ బండిలో ఉన్న సైనికులో?"

"ఇద్దరే కదా. వస్తే దోల్మా తినిపోతారు."

"బసరాలో ఉండిపోరాదూ?"

"ఎందుకు? మేడ మీద గది సగం కట్టాను. పెళ్ళి మాటలకి సుహా వాళ్ళ నాన్న వచ్చే నెల రమ్మన్నాడు. ఒక రొట్టెలో గుండు పెట్టగానే పారిపోతే రొట్టెలమ్మే దాని తమ్ముణ్ణని ఎవడైనా అంటాడా?"

"నవ్వులాట కాదురా."

"నవ్వకపోతే ఏం చెయ్యమంటావు అక్కా? నీళ్ళు పోస్తే వస్తాను. నీ నీళ్ళు ఎప్పుడైనా మాట తప్పాయా?"

తప్పలేదు. అదే ఆమె భయం. ఇరాన్ యుద్ధానికి మొగుడు బయల్దేరినప్పుడు పెళ్ళికూతురి గాజులతో గిన్నె నిండా నీళ్ళు పోసింది బద్రియా. అతనూ వచ్చాడు. టాక్సీ మీద, జెండా చుట్టిన పెట్టెలో. నీళ్ళు మనిషిని తెస్తాయి. ఎలా తెస్తాయో నీళ్ళు చెప్పవు. రాఫిద్ అప్పుడు పసివాడు. టాక్సీ వచ్చిందని చప్పట్లు కొట్టాడు.

వెళ్ళే రోజు పొద్దున్నే ఊరంతా రోడ్డు మీదే ఉంది. మంచు పొగలా ఉంది. వంతెన కుర్రాళ్ళు కూడా వచ్చారు, శుభ్రంగా దువ్వుకుని, పెళ్ళికి వచ్చినట్టు. బద్రియా గుమ్మంలో ఎడమ పక్క కుండ, కుడి పక్క నీళ్ళ గిన్నె పెట్టుకుని నిలబడింది. దోల్మా అప్పటికే వండేసింది. ఒక డబ్బాలో సర్ది రాఫిద్ చేతికిచ్చింది.

"ఇదేంటి, రాత్రికి కదా?"

"దారిలో ఆకలేస్తుంది."

"మొత్తం పెట్టేశావేమిటి?"

"తిను. చిక్కిపోయావు."

వాడు ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి, కన్నుగీటి, బండెక్కాడు. ఆ బండ్లకి వెనక కిటికీలుండవు. లోపల కూర్చున్నవాడికి వెనక ఏం జరుగుతోందో కనబడదు, ఇంజను రొదలో వినబడదు.

బండ్లు ఒక్కొక్కటే కదిలాయి, తళతళా మెరుస్తూ, మా మట్టి ఒక్క రేణువు లేకుండా. చివరి బండికి ముందుది గుమ్మం దాటింది. ఊరంతా బద్రియా చేయి వంక చూసింది. చేయి కదల్లేదు.

"బద్రియా, ఇదే," అని గొణిగింది ఉమ్ సబాహ్. "ఇప్పుడే కదా?"

బద్రియా వినలేదు. చివరి బండి దాటింది. దాని వీపు మంచులో కలిసిపోబోతుండగా ఆమె కిందికి వంగింది. కుడి వైపుకి కాదు.

కుండ నడిరోడ్డు మీద పడి పగిలింది. ఊరు కేకలేసింది, ఎవరో గాల్లోకి కాల్చారు, హాజీ జబ్బార్ మిఠాయి పంచడం మొదలుపెట్టాడు. ఉమ్ సబాహ్ మాత్రం తల మీది నల్ల దుప్పటి చెంగు నోట్లో కుక్కుకుని, వంగి పెంకులు ఏరింది. నిండుగా ఉన్న గిన్నె గుమ్మంలో అలాగే ఉంది.

సాయంత్రానికి వంతెన కుర్రాళ్ళు టాక్సీ స్టాండు దగ్గర కాపు కాశారు. మర్నాడూ కాశారు. వారం కాశారు. తర్వాత వాళ్ళకి వేరే పని పడింది.

రాఫిద్ ఫోను మొదటి రోజే వచ్చింది. "అక్కా, డ్రైవరు దారి తప్పాడు. హఫీరా అని బోర్డు చూసి తిరిగితే బసరా వచ్చింది." రెండోరోజు వేరే డ్రైవరు. మూడోరోజు నడిచాడు. దూరంగా మా ఊరి నీళ్ళ ట్యాంకు కనిపించిందట, దాని వైపే నడిచాడట, చీకటి పడేసరికి ఓడరేవు దీపాలు వచ్చాయట. ఆఖరికి బసరాలోనే ఒక గది తీసుకుని ఫోన్లు బాగుచేసే పనిలో కుదిరాడు. సుహా వాళ్ళ నాన్న కొన్నాళ్ళు ఎదురుచూసి ఆ పిల్లని కర్బలా సంబంధానికిచ్చాడు.

అక్కే ఒకసారి బసరా వెళ్ళింది. వస్తున్నానని ముందే చెప్పకుండా ఉండలేకపోయింది. గదికి చేరేసరికి తలుపు తీసే ఉంది. "ఇప్పుడే వెళ్ళాడమ్మా, మిమ్మల్ని తీసుకురావడానికి బస్సు స్టాండుకే," అన్నాడు పక్క గదివాడు. బల్ల మీద చాయ్ గ్లాసు ఇంకా వెచ్చగా ఉంది. సగం మిగిలింది. బద్రియా ఆ సగం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తిరుగు బస్సెక్కింది.

ఆ సైన్యం హఫీరాకి మళ్ళీ రాలేదు. కుండ వెళ్ళినవాళ్ళకే పనిచేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ళకి, ఇక్కడే ఉన్నవాళ్ళకి దానితో పని లేదు. ఆ తర్వాత వచ్చిన కొత్త యుద్ధంలో పోయిన ఊరి కుర్రాళ్ళ ఫోటోలతో రోడ్డు స్తంభాలు నిండిపోయాయి. వంతెన కుర్రాళ్ళవి కూడా ఉన్నాయి. రాఫిద్ ఫోటో లేదు.

శుక్రవారం శుక్రవారం వాడు ఫోను చేస్తాడు. ఊసులన్నీ అయ్యాక, పెట్టేసేముందు, ప్రతిసారీ అదే అడుగుతాడు.

"నీళ్ళు పోశావు కదా అక్కా?"

"పోశాను రా. గిన్నె నిండా."

"అయితే వస్తాన్లే. కాస్త ఆలస్యం, అంతే. నీ నీళ్ళు మాట తప్పవు."

ఫోను పెట్టేసి బద్రియా గిన్నె ముంచుకుని గుమ్మంలోకి వస్తుంది. పగిలిన కుండకి విరుగుడు నీళ్ళేనని ఆమెకి తెలుసు. కానీ నీళ్ళు పోయాలంటే మనిషి ముందు ఎదురుగా వచ్చి నిలబడాలి, ఆ తర్వాత కదా వీపు తిప్పేది. వీధి అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. ఎవరూ ఉండరు. దుమ్ము మీద చల్లుతుంది.