గాజుగొట్టంలో తెలుపు

పొద్దున లేచేసరికి సుబ్బరత్నమ్మ మొహం ఉబ్బి ఉండడం ఆమె మొగుడు బసవపున్నయ్య రెండు కార్తెలుగా గమనిస్తున్నాడు. అమ్మలక్కలు "ఒళ్లు చేసిందిలే" అన్నారు. ఒళ్లు చేస్తే కడియం బిగుస్తుంది గాని, కాలి మీద వేలితో నొక్కిన గుంట అలాగే ఉండిపోదు.

బందరు ఆసుపత్రికి వెళ్దామంటే ఆవిడ ససేమిరా అంది. అక్కడ నడుము కోసి మూత్రపిండాలు చూస్తారని ఎవరో చెప్పారు. చివరికి తనొక్కడే బస్సెక్కి వెళ్లి, డాక్టరు రాధాకృష్ణమూర్తి గారికి సంగతంతా విన్నవించాడు.

"కోతా లేదు, గీతా లేదయ్యా. పొద్దుటి ఒంటేలు సీసాలో పట్టుకురా, చాలు."

మర్నాడు సుబ్బరత్నమ్మ మూత బిగించిన సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

డాక్టరుగారు కాస్త గాజుగొట్టంలో పోసి స్పిరిటు దీపం మీద కాచాడు. తెల్లబడింది. బసవపున్నయ్య ముందుకు వంగి చూశాడు. డాక్టరుగారు రెండు చుక్కలు ఆసిడు ద్రావకం వేశాడు. బుస్సుమని నురగ లేచి, తెలుపంతా కరిగిపోయింది. ఆయన వాసన చూసి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

"మీ ఆవిడ గడ్డి మేస్తుందేవిటయ్యా? ఇది ఆవు పంచితం!"

ఇంటికొచ్చి అడిగితే సుబ్బరత్నమ్మ తలెత్తలేదు.

"బస్సు నిండా మగాళ్లు. నా ఒంటేలు ఒళ్లో పెట్టుకుని కూచుంటారా? పంచితమైతే ఎవరడిగినా చెప్పుకోవచ్చు. ఇంటికి శుద్ధి చేసేదేగా."

"ఆయన కనిపెట్టక, నీకే జబ్బూ లేదనుంటే? నేను నమ్మి ఊరుకుంటే?"

తెల్లారి సుబ్బరత్నమ్మ వేరే సీసా ఇచ్చింది.

ఈసారి తెలుపు కరగలేదు. ద్రావకం పడగానే విరిగిన పాలలా ముద్దలు కట్టింది.

"ఒంట్లో నిలవాల్సిన సత్తువని మూత్రపిండాలు వదిలేస్తున్నాయి," అన్నాడు డాక్టరుగారు. "ఉప్పు మానాలి, మంచం దిగకూడదు. వారానికోసారి ఇది చూడాలి. తెలుపు తగ్గుతూ వస్తే మనిషి దక్కుతుంది. పెరిగిందా, నా చేతుల్లో లేదు."

బసవపున్నయ్య గాజుగొట్టం వైపు చెయ్యి చూపించాడు.

"ఆ గొట్టం నాకు ఇప్పించండయ్యా. ఎలా కాస్తారో చూశాను. వారం వారం బస్సులో పంపమంటే అది మళ్లీ గోవుదే పోస్తుంది."

డాక్టరుగారు నవ్వబోయి ఆగాడు. తన ఎదుటే ఒకసారి కాయించి చూసి, గొట్టం, దీపం, ద్రావకం బుడ్డీ ఇచ్చి పంపాడు.

అప్పట్నించి ప్రతి సోమవారం పొద్దున్నే వసారాలో కాచేవాడు. కాస్తున్నంతసేపూ సుబ్బరత్నమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. తెలుపు అడుక్కి దిగాక, ఎంత ఎత్తుందో పుల్లతో కొలిచి దాని మీదే గంటు పెట్టేవాడు.

ఏడో సోమవారం ఆవిడ గోడతోటే అడిగింది. "ఎంతుంది?"

"కిందటి వారమంతే."

"తగ్గిందనొచ్చుగా, నోటి ముత్యాలు రాల్తాయా?"

"అబద్ధం చెప్పి నిన్నేం చేసుకోను?"

మంచం కిర్రుమంది. ఆవిడ ఇటు తిరిగి చెయ్యి చాచింది. గొట్టం అందుకుని వెలుతురుకి ఎత్తింది. పుల్ల అడిగి తీసుకుని, పాత గంటుని తెలుపు పక్కన ఆనించి, ఒక కన్ను మూసి చూసింది.

"అంతే," అంది. "పెరగలేదు."

గొట్టం తిరిగి ఇవ్వలేదు. ఎలా కడగాలో అడిగింది.