శిష్యుడు కాని సాక్షి

ఒక గొంతు లోకంలో ఉన్నదో లేదో తేల్చే అధికారాన్ని, ఆ గొంతును ఒక్కసారైనా వినని వాళ్ళ చేతికి ఎవరిచ్చారు? ప్యో బోక్‌నిమ్ ఈ ప్రశ్నను రకరకాలుగా మార్చి, మర్యాద తప్పకుండా అడిగింది.

జిరిసాన్ కొండల కింది ఊళ్ళకు సోల్‌బరమ్ అనే చిన్న రేడియో స్టేషన్ ఉంది. పొద్దస్తమానం ఫాన్సోరి కథాగానాలు, గయాగమ్ తీగల మోత, నాట్లపాటలు. అరవై దాటిన బోక్‌నిమ్ అందులో పాటలను పరిచయం చేస్తుంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా కొట్టివేయమని కోరగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో ఆ స్టేషన్‌కు ఒక పేజీ ఉంది. సోమవారం ఉదయం ఆ పేజీ నెత్తిన ఎర్రటి పట్టీ కనిపించింది: "ప్రాముఖ్యం సందేహాస్పదం. తొలగించాలా వద్దా అన్న చర్చ జరుగుతోంది."

కొండమీది ప్రసార స్తంభాన్ని సోల్‌బరమ్‌కే ఉంచాలా, రోజంతా సరుకులమ్మే మరో రేడియో కేంద్రానికి అప్పగించాలా అన్నది శుక్రవారం ప్రసారాల సమీక్షా సంఘం తేల్చబోతోంది. సంఘంలో ఫాన్సోరి వినేవారు లేరు. వాళ్ళు ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూస్తారు; ముందు కనిపించేది ఆ పేజీయే. స్తంభం పోతే లోయలోని ఊళ్ళకు స్టేషన్ మూగబోయినట్టే.

"అక్కా, అంత బెంగెందుకు? మనవాళ్ళెవరిచేతైనా నాలుగు ముక్కలు రాయిద్దాం," అన్నాడు ఇంజనీరు గుక్ సంగ్‌చల్.

"మెంగ్ మాస్టారికి చెప్తా. ఆయన రాస్తే పద్ధతిగా ఉంటుంది."

మెంగ్ ఒకప్పుడు పేరున్న డోలు విద్వాంసుడు. ఇప్పుడు దిగువ ఊరి వృద్ధుల భవనంలో శ్రోతలందరికీ పెద్ద. "స్టేషన్ పేజీ ఎందుకుండాలో కారణం చెప్తూ రాయండి మాస్టారూ," అని ఆమె ఫోన్‌లో బతిమాలింది. "నీకెందుకమ్మాయ్, మేమున్నాంగా!" అని ఆయన పెట్టేశాడు.

ఆ ధైర్యమే కొంప ముంచింది. ఫాన్సోరి సభలో నోరు మూసుకుని కూర్చోవడం పాడేవారికి అవమానం. చరణం విరిగేచోట డోలువాడు "ఒల్సూ!" అనాలి, జనం "జోత్తా!" అని అందుకోవాలి. అది పొగడ్త కాదు, పాటలో సగం. మాస్టారు చర్చ పేజీలో నిండైన పేరా ఒకటి రాశాడు. ఇక దాన్ని మౌనంగా వదిలేయడం భవనంలో ఎవరికి చేతనవుతుంది? ముసలివాళ్ళంతా అక్కడున్న ఒక్క కంప్యూటరు ముందు వరుసకట్టి, తలా ఒక ఖాతా తెరిచి, దాని కింద తమ కేకలు వేశారు. ఒల్సూ. జోత్తా. జోత్తా. ఒల్సూ.

మరునాడు బోక్‌నిమ్ పేజీ తెరిచేసరికి, తొలగింపు కోరిన 'వేకువమంచు' అనే మారుపేరు సంపాదకుడు సౌమ్యంగా రాసి ఉన్నాడు: "ఇవన్నీ ఒకే యంత్రం నుంచి వచ్చాయి, ఒకే పూట పుట్టాయి, ఒకే మాట పలుకుతున్నాయి. ఇవి ఒకే మనిషి తొడుక్కున్న ముసుగులు. స్టేషన్ ప్రమేయం ఉండవచ్చు." ఖాతాలన్నీ మూసేశారు. స్టేషన్ మనిషని ఆమెది కూడా. చివర ఒక సందు మాత్రం వదిలాడు: స్టేషన్‌తో ఏ సంబంధమూ లేని రచయిత వివరంగా రాసిన వ్యాసం ఒక్కటి చూపితే తన ప్రతిపాదనను తానే ఉపసంహరించుకుంటాడట.

నిన్నటి భయం పేజీ గురించి. ఇప్పుడు దానికి మోసమనే ముద్ర తోడైంది. దాన్ని సంఘమూ చదువుతుంది. ఆమె బస్సెక్కి దిగువ ఊరికి వెళ్ళింది.

వృద్ధుల భవనంలో ఉడికించిన చిలగడదుంపలు, బార్లీ టీ, పండగ సందడి.

"మా కేకలు అందాయా అమ్మాయ్?" అన్నాడు మెంగ్.

"ఆ కంప్యూటరు మీద అక్షరాలన్నీ చెట్టుకొకటి పుట్టకొకటి పెట్టాడు ఎవడో సన్నాసి! జోత్తా అని కొట్టేసరికి నా టీ చల్లారిపోయింది," అంది యోమ్ అవ్వ.

"అందుకే నీ కేక తాళం తప్పింది."

"తప్పితే తప్పింది, నీలా నిద్రపోతూ వాయించలేదులే!"

వాళ్ళ కేకలను దొంగసాక్ష్యం కింద జమకట్టారని చెప్పడానికి బోక్‌నిమ్‌కు నోరు రాలేదు. "మాస్టారూ, మన స్టేషన్ గురించి రాసినవాళ్ళలో బయటివాళ్ళెవరైనా ఉన్నారా?" అని మాత్రం అడిగింది.

"బయటివాళ్ళకి మన సంగతేం తెలుసు?"

"మన మీద వ్యాసం రాసిన ఆ ప్రొఫెసరు?"

"మా గురువుగారి మనవడి శిష్యుడు. మొదటి వాక్యంలోనే దణ్ణం పెట్టుకున్నాడుగా."

"పోనీ, రాజధాని సోల్‌లోని పత్రికలో రాసే విమర్శకుడు?"

"వాడా? మన యోమ్ అవ్వ అల్లుడేగా!"

"అల్లుడైతే ఏం ఒరగబెట్టాడు? మీ రేడియో గరగరలాడుతోందని తిట్టి రాశాడు!"

అందరూ నవ్వారు. ఆ విద్యలో నోరు తెరిచే ముందు ఎవరి శిష్యుడివో చెప్పుకోవాలి, చెప్పకపోతే దొంగవు. తెలిసి రాసిన ప్రతివాడూ తన సంబంధాన్ని మొదటి వాక్యంలోనే నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలే ఇప్పుడు వాళ్ళ సాక్ష్యాన్ని చెల్లకుండా చేస్తోంది.

గురువారం పేజీని తొలగించారు. శుక్రవారం సంఘాధ్యక్షుడు కళ్ళద్దాలు సవరించుకుని, "దొంగ ఖాతాలు పెట్టింది మీ వాళ్ళేనటగా?" అన్నాడు. బోక్‌నిమ్ కేకల సంప్రదాయాన్ని వివరించింది, ఆగవలసిన చోట ఆగుతూ. గదిలో ఎవరూ పలకలేదు.

తరువాతి నెల మొదటి రోజున, పాట వేళకు, ఆమె స్టేషన్‌లో ఉండలేక మళ్ళీ దిగువ ఊరు చేరింది. మెంగ్ డోలును ఒళ్ళోకి లాక్కుని, కర్ర ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. రేడియోలో కాసేపు గరగర. ఆ తరువాత ఒక హుషారైన గొంతు నాన్‌స్టిక్ పెనాల ధర చెప్పసాగింది.

"మీట ఎటో తిరిగినట్టుంది, సరిచెయ్ అమ్మాయ్," అన్నాడు మాస్టారు. అందరూ ఆమె వైపు తిరిగారు. మీట ఉండవలసిన చోటే ఉంది. ఆమె దాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.

చదువుతున్న మీ ఊళ్ళోనూ ఇలాంటి గొంతు ఒకటి ఉంటుంది. మీరు దానికి శిష్యులు కారు, చుట్టాలు కారు; చెల్లే సాక్ష్యం మీదే. ఏం విన్నారో, ఎక్కడ విన్నారో, తేదీ వేసి, మీ సొంత పేరు పెట్టి, అచ్చులో రాయండి. ఎర్రపట్టీ పడ్డాక కాదు, ఇవాళే రాయండి.