మూడో అంకానికి తాళం

అక్క నోట్లో నువ్వుగింజ నానదని బావకి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. నాటకాలు రాయడం మొదలుపెట్టాకే అది చిక్కయి కూర్చుంది. బావ పగలు కరెంటు మీటర్లు బాగుచేస్తాడు, సాయంత్రాలు ఒక నాటక బృందానికి రాస్తాడు. ఆ బృందానికి దుస్తులు కుట్టేది అక్క. పోయిన నాటకంలో హంతకురాలెవరో ఆఖరిదాకా ఎవరికీ తెలియకూడదని బావ పట్టుబట్టాడు. అక్క కొలతలు తీసుకుంటూ ఒకావిడతో, "నీకు చివర్లో బేడీలు పడతాయిగా, అందుకే చేతులు కాస్త వదులు పెట్టాను" అనేసింది.

ఈసారి కొత్త నాటకం మూడో అంకం పూర్తికాగానే బావ మరదలి దగ్గరికి వచ్చాడు. వాళ్లింట్లోనే ఉంటూ కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఆమె, ఈమధ్య సి లాంగ్వేజి నేర్చుకుంటోంది.

"మరదలు పిల్లా, ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. మీ అక్క తెరిచినా అర్థం కాకుండా దీనికి తాళం వేసే మంత్రం ఏమైనా నేర్పారా మీకు?"

"నిన్ననే నేర్పారు బావా" అందామె హుషారుగా.

కంప్యూటర్ అక్షరాలను ఎనిమిదేసి గళ్ల వరసల్లో, సున్నాలుగా ఒకట్లుగా దాచుకుంటుంది. వరస మొత్తాన్ని ఒక గడి ఎడమకి జరిపితే అక్షరం పోలిక మారిపోతుంది. మళ్లీ కుడికి జరిపితే యథాస్థానానికి వస్తుంది. ఆమె ఆ ముక్కే ప్రోగ్రాముగా రాసింది. కళ్లద్దాల పెట్టె మీది ఇంగ్లీషు వాక్యాలు కొట్టి తాళం వేసింది, తీసింది. అక్షరం పొల్లు పోలేదు. బావ మురిసిపోయి మూడో అంకానికి తాళం వేయించుకున్నాడు. అసలు ఫైలు ఉంటే ప్రమాదమని దాన్ని తన చేత్తోనే చెరిపేశాడు.

ఆదివారం సాయంత్రం బృందమంతా కూర్చుని నాటకం చదువుకోవాలి. మధ్యాహ్నం అక్క దారాలు కొనడానికి బయటికెళ్లగానే ఇద్దరూ ఫైలు తెరిచారు. తెర నిండా సున్నాలు, ఒకట్లు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. తెలుగు ముక్క ఒక్కటి లేదు.

 బావ, "పోనీలే, మళ్లీ రాసుకుంటాలే" అని వరండాలోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది మరదలికి.

ఈలోగా అక్క వచ్చింది. "ఏంటండీ, అలా ఉన్నారు?" అంటే, "ఏం లేదు, తలనొప్పి" అన్నాడు బావ. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆయన పరిస్థితి. ఎవరికి భయపడి తాళం వేశాడో ఆమెకే ఎలా చెప్పుకుంటాడు?

మరదలు కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. కొత్త ఫైలులో 'అ' అని ఒక్క అక్షరం కొట్టి, తాళం వేసి, తీసి, వచ్చినదాన్ని అంకెల్లో చూసింది. మన అక్షరం ఒక్క వరసలో పట్టదట, దానికి మూడు వరసలు కావాలట. అసలువి 224, 176, 133. తిరిగొచ్చినవి 96, 48, 5. తీసివేసి చూసింది. మూడింటిలోనూ సరిగ్గా 128 తక్కువ.

"అక్కా!" అని కేకేసింది, బావని పిలవబోయి.

ఎడమ కొసన ఉన్న గడి విలువ 128. ఇంగ్లీషు అక్షరాలకి అక్కడ ఎప్పుడూ సున్నాయే, రాలిపోయినా నష్టం లేదు. తెలుగు అక్షరాలకి ప్రతి వరసలోనూ అక్కడ ఒకటి ఉంటుంది. ఎడమకి జరిపినప్పుడు అది గట్టు దాటి పడిపోయింది. పడిపోయేదాన్ని పట్టుకుని రెండో కొసన పెట్టాలని ఆమెకి తోచనే లేదు.

కానీ పోయింది ఏమిటో తెలిస్తే తిరిగి పెట్టొచ్చు. తెలుగు అక్షరం ఎక్కడ మొదలైనా ముందు 96 వస్తోంది. అది కనబడ్డ చోటల్లా దానికీ, తర్వాతి రెండింటికీ 128 కలపమని, మిగతావి ముట్టుకోవద్దని చిన్న ప్రోగ్రాము రాసింది. నడిపింది. తెర మీద తెలుగు వచ్చి వాలింది.

"బావా, వచ్చేసింది!"

ఆయన వచ్చేసరికి అక్క మరదలి భుజం మీంచి వంగి చదివేస్తోంది.

"చదవకోయ్, చదవకు!"

"చదివేశాగా. ఆ కంపౌండరే కదూ చంపింది?" అంది అక్క. "ఇంత మంచి అంకం నాకు చూపించకుండా దాచుకుంటారా? ఎవరికైనా చెప్తే నా మీద ఒట్టు."

"ఎన్నో ఒట్టు ఇది?" అన్నాడు బావ. అన్నాడే గానీ, నవ్వు ఆపుకోలేకపోయాడు.

సాయంత్రం హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. బావ మరదల్ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మధ్యాహ్నమంతా ఆ అక్షరాలతోనే గడిపినా ఆమె ఒక్క వాక్యమూ చదవలేదు. మూడో అంకంలో కంపౌండరు పాత్రధారి గొంతు తగ్గించి, "డాక్టరుగారు చేదు మందే మంచిదన్నారు, నేను కాదనలేదు" అనగానే అందరూ బిగుసుకుపోయారు. ఆమెకి మాత్రం కళ్లు చెమర్చాయి. బావ ఇంత బాగా రాస్తాడని ఆమెకి ఆ రోజే తెలిసింది.