సెలైన్ గొట్టం

కోదాడలో హైవే పక్కన మంగయ్యది రేకుల షెడ్డు. ఏ కారుకైనా అద్దం మీదికి నీళ్లు చిమ్మే గొట్టం పాడైతే డ్రైవర్లకు ముందు గుర్తొచ్చేది అతనే. అసలు గొట్టం సూర్యాపేటలో కూడా దొరకదు, హైదరాబాదు పోవాలి. మంగయ్య మాత్రం సెలైన్ ఎక్కించే గొట్టం కోసి బిగించేవాడు. ఏళ్ల తరబడి చెక్కుచెదిరేది కాదు.

ఆ గొట్టాలిచ్చేది జమున. ఎదురుగా నర్సింగ్ హోములో నర్సు, వేములపల్లి దగ్గరి తండా పిల్ల. డేటు దాటి పారేయాల్సినవాటిని అతని కోసం దాచేది. నిజం చెప్పొద్దూ, అవి వారానికొకటి కూడా ఖర్చయ్యేవి కావు. అయినా మంగయ్య రెండ్రోజులకోసారి కిరసనాయిలుతో చేతుల గ్రీజు వదిలించుకుని, తల దువ్వుకుని, మెట్ల దగ్గర నిలబడేవాడు.

"సిస్టర్, ఒక్క ట్యూబుంటదా?"

పిచ్చిమొహం! ఆరేళ్లుగా మనసంతా ఆమే. అడగాల్సిన మాట గొంతు దాకా వచ్చేది. నోట్లోంచి ఊడిపడేది మాత్రం ట్యూబే. పైగా ఊరంతా నర్సుల్ని పిలిచినట్టే తనూ సిస్టర్ అనడమొకటి!

తొంభై నాలుగు వానాకాలంలో ఒక పొద్దున జమున అన్న హీరాలాల్ తన పాత మారుతి కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. పైన మడతమంచం, వెనక సీట్లో ట్రంకు పెట్టె, దాని పక్కన జమున.

"మంగన్నా, ఎలుకలు గొట్టం కొరికి పారేసినయ్. రోడ్డంత బురద, లారీలు అద్దం మీదనే కొడుతున్నయ్. జర జల్ది చెయ్యి. చెల్లెకు మిర్యాలగూడ సర్కారు దవాఖానల నౌకరి వచ్చింది, ఇయ్యాలనే చేరాలె," అన్నాడు.

మంగయ్య బానెట్ ఎత్తాడు. ఇది పది నిమిషాల పని. పది నిమిషాల్లో ఆమె వెళ్లిపోతుంది. దేవుడా, ఆ ఎలుకలు ఇంకో నాలుగు వైర్లయినా కొరక్కపోయాయే అనుకున్నాడు.

మేకుకు వేలాడుతున్న గుత్తిలోంచి ఒక గొట్టం లాగాడు. చుక్కల వేగం మార్చే చిన్న చక్రం ఉన్న ముక్కను ఎప్పుడూ కోసి పారేసేవాడు. ఇవాళ కళ్లు వెనక సీటు మీదే ఉన్నాయి కదా, చక్రంతో సహా బిగించేశాడు. హీరాలాల్ స్విచ్ నొక్కాడు. మోటారు గుర్రుమంది. అద్దం మీద చుక్క పడలేదు.

జమున దిగి వచ్చి బానెట్ లోపలికి వంగి చూసింది. "చక్రం మూసి పెడితె నీళ్లెట్ల వస్తయ్?" అని నవ్వుతూ బొటనవేలితో తిప్పింది. నీళ్లు చివ్వున చిమ్మాయి.

తల తిప్పిన జమున మేకు వైపు చూసి ఆగిపోయింది. కవరు కూడా విప్పని గొట్టాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"గిన్ని పెట్టుకొని మళ్ల మళ్ల ఎందుకొచ్చినవ్?"

మంగయ్య గుడ్డ తీసి బానెట్ అంచు తుడవసాగాడు. హీరాలాల్ హారన్ కొట్టాడు. ఇప్పుడన్నా అడగరా అని గుండె కొట్టుకుంటోంది.

"సిస్టర్... మిర్యాలగూడల ట్యూబులు దొరుకుతయా?"

జమున కళ్లలో నీళ్లు తిరిగాయి. "దొరకయ్," అంది. "వేరేదేమన్న అడిగేదుంటెనే రా. వచ్చినప్పుడు మాత్రం సిస్టర్ అనకు."

కారు కనుమరుగయ్యే దాకా మంగయ్య అక్కడే నిలబడ్డాడు. "జమునా," అని పైకే అన్నాడు, ఆరేళ్లలో మొదటిసారి. తర్వాత కిరసనాయిలు డబ్బా దగ్గర కూచుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.